నేవీలో సబ్ లెఫ్టినెంట్ నుంచి అడ్మిరల్ దాకా: అసలు జల్లెడ ఎక్కడ పడుతుంది?

కొత్తవలస_కుర్రాడు
ఇంటర్ ఎంపీసీ వాళ్ళకి నేవీ 10+2 బీటెక్ ఎంట్రీ గురించి యూట్యూబు నిండా వీడియోలే. అన్నీ ఎస్‌ఎస్‌బీ (అధికారుల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతాయి. చేరిన తర్వాత కథేంటో ఎవరూ చెప్పరు. విశాఖలో కార్ల మీద నక్షత్రాలు చూస్తాం గానీ ఆ నక్షత్రాల దాకా వెళ్ళేదెవరు, మధ్యలో ఆగిపోయేదెవరు, ఎందుకు? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. కోచింగ్ సెంటర్ల ప్రకటనలు వద్దు.

లంగరు_77
ముందు మెట్లు లెక్కపెట్టుకుందాం. సబ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్, కెప్టెన్, కమడోర్, రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్, అడ్మిరల్. మొత్తం తొమ్మిది. అడ్మిరల్ ఒక్కరే, ఆయనే చీఫ్ ఆఫ్ ద నేవల్ స్టాఫ్. త్రివిధ దళాల పెద్ద అయిన సీడీఎస్ పదవి నేవీ వాళ్ళకి వస్తే అప్పుడు ఇంకొకరు.

మనవాళ్ళు తరచూ పొరబడేది ఒకటుంది. ఆర్మీ కెప్టెన్, నేవీ కెప్టెన్ ఒకటి కాదు. ఆర్మీ కెప్టెన్‌కి సమానం నేవీ లెఫ్టినెంట్. నేవీ కెప్టెన్ అంటే ఆర్మీ కల్నల్. పెళ్ళి సంబంధాల్లో దీని మీద చాలా గందరగోళం జరుగుతుంది.

చొక్కా చేతి మీద బంగారు పట్టీలు చూస్తే హోదా తెలిసిపోతుంది. సబ్ లెఫ్టినెంట్‌కి ఒకటి, లెఫ్టినెంట్‌కి రెండు, లెఫ్టినెంట్ కమాండర్‌కి ఆ రెండింటి మధ్య ఒక సన్నటిది, కమాండర్‌కి మూడు, కెప్టెన్‌కి నాలుగు. కమడోర్‌కి ఒకే ఒక్క వెడల్పు పట్టీ. అక్కణ్ణుంచి ఆ వెడల్పు పట్టీ మీద మామూలు పట్టీలు ఒక్కొక్కటి చేరతాయి. కారు మీద కమడోర్‌కి ఒక నక్షత్రం, రియర్ అడ్మిరల్‌కి రెండు, వైస్‌కి మూడు, అడ్మిరల్‌కి నాలుగు. ఫ్లాగ్ ఆఫీసర్ అని గట్టిగా అనేది రియర్ అడ్మిరల్ నుంచే.

2023 డిసెంబరు నుంచి అడ్మిరల్స్ భుజం మీది ఎపాలెట్లు మారాయి. శివాజీ మహారాజు రాజముద్ర ఆధారంగా అష్టభుజి గుర్తు పెట్టారు. పాత ఫొటోలతో పోల్చి తికమక పడకండి.

సైనిక్‌పురి_రవి
లంగరన్న మెట్లు చెప్పిండు, నేను టైము చెప్త. ఆఫీసర్ల ప్రమోషన్ల మీద ఏసిన ఏవీ సింగ్ కమిటీ సిఫార్సులు 2004 చివర్ల అమల్లకొచ్చినయ్. గప్పట్నుంచి లెఫ్టినెంట్‌కి 2 ఏండ్లు, లెఫ్టినెంట్ కమాండర్‌కి మొత్తం సర్వీసు 6 ఏండ్లు, కమాండర్‌కి 13 ఏండ్లు. ఇయ్యన్నీ టైము మీద వచ్చేటియి. పరీక్షలు పాసై, మెడికల్ సక్కగుండి, రిపోర్టుల మచ్చ లేకపోతే చాలు.

కెప్టెన్ కాడ కథ మారుతది. అది సెలక్షన్. ప్రమోషన్ బోర్డు కూసుంటది, బ్యాచ్ మొత్తాన్ని వరుసల పెడ్తది, ఖాళీలు ఎన్ని ఉంటే అన్నే పేర్లు తీస్తది. మొదటిసారి రాకపోతే మళ్ళ చూస్తరు, కానీ ఆ అవకాశాలకు హద్దుంది. ఆఖరుకు కూడ రాకపోతే 26 ఏండ్లకు టైమ్ స్కేల్ కెప్టెన్ చేస్తరు. నాలుగు పట్టీలొస్తయ్, జీతమొస్తది, కానీ పెద్ద ఓడ కమాండు రాదు, పైకి దారి లేదు. ఇది బయటోళ్ళకు కనపడదు. ఇద్దరు కెప్టెన్లు పక్కపక్కన నిలబడితే ఎవరు సెలక్ట్, ఎవరు టైమ్ స్కేల్ అన్నది నేవీలోపలోళ్ళకే ఎరుక.

గందుకే నువ్వడిగిన ప్రశ్నకు జవాబు: జల్లెడ అడ్మిరల్ కాడ కాదు, కమాండర్ నుంచి కెప్టెన్ అయ్యేకాడ.

భీమిలి_శేషు
రవి గారు చెప్పింది నిజమే గానీ సగం. బోర్డు పేర్లు చదివేది కెప్టెన్ దగ్గరే. కానీ బోర్డు ముందున్న ఫైలు అంతకు పదేళ్ళ ముందే నిండిపోయి ఉంటుంది. ఎగ్జిక్యూటివ్ శాఖలో, అంటే ఓడలు నడిపే శాఖలో, ఆ ఫైలు బరువంతా సముద్రం మీద గడిపిన కాలానిది. ఆఫీసులో ఎంత బాగా ఫైళ్ళు కదిపినా, ఓడ నడిపినప్పుడు పైవాడు రాసిన రిపోర్టుకున్న విలువ దానికి రాదు.

కాబట్టి మొదటి జల్లెడ వాచ్‌కీపింగ్ సర్టిఫికెట్. ఎళిమల అకాడమీ అయ్యాక కొచ్చిలో ఫస్ట్ ట్రైనింగ్ స్క్వాడ్రన్ ఓడలెక్కిస్తారు. తీర్, శార్దూల్, సుజాత లాంటివి, తెరచాపల ఓడ తరంగిణి కూడా. తర్వాత ఫ్లీట్ (యుద్ధనౌకల దళం) ఓడల మీద అటాచ్‌మెంట్. అక్కడ బ్రిడ్జి (ఓడని నడిపే పై గది) మీద ఒంటరిగా నిలబడి ఓడ నడపగలడని కమాండింగ్ ఆఫీసరు నమ్మి సంతకం పెట్టేదాకా ఆ కుర్రాడు ఎక్కడికీ కదలడు. పట్టీలు టైము మీద వస్తాయి, ఈ కాగితం మాత్రం రాదు.

కొత్తవలస_కుర్రాడు
ఆ సంతకం పెట్టడానికి ఏం చూస్తారు? ఎగ్జామా?

భీమిలి_శేషు
రాతపరీక్ష ఉంటుంది, నోటి పరీక్ష ఉంటుంది. కానీ అసలు చూసేది రాత్రి రెండు గంటలకి మనిషి ఎలా ఉన్నాడన్నది.

ఓడ మీద రోజుని వాచ్‌లుగా, అంటే డ్యూటీ వంతులుగా విడగొడతారు. రాత్రి 8 నుంచి 12, 12 నుంచి 4, 4 నుంచి పొద్దున్న 8, ఇలా నాలుగేసి గంటలు. సాయంత్రం 4 నుంచి 8 మాత్రం రెండు ముక్కలు, వీటినే డాగ్ వాచ్‌లంటారు. అలా ముక్క చెయ్యడంతో రోజుకి ఏడు వాచ్‌లవుతాయి. ఏడు బేసి సంఖ్య కాబట్టి ఒకే మనిషికి రోజూ అర్ధరాత్రి వాచ్ పడదు. ఎంత పాత తెలివో చూడండి.

పన్నెండింటికి వాచ్ ఉన్నవాడు పన్నెండింటికి వస్తే తప్పే. ముందే వచ్చి చీకట్లో నిలబడాలి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి. దీపాల గదిలోంచి నేరుగా బ్రిడ్జి మీదికొచ్చినవాడికి దూరాన ఉన్న చేపల పడవ కనబడదు. తర్వాత కమాండింగ్ ఆఫీసరు నైట్ ఆర్డర్ బుక్ చదివి సంతకం పెట్టాలి. ఫలానా దూరంలోపలికి ఏ ఓడైనా వచ్చేటట్టుంటే నన్ను లేపండి అని అందులో ఉంటుంది. కుర్ర అధికారులు చేసే పాత తప్పు ఇక్కడే: 'పాపం ఇప్పుడే పడుకున్నారు, ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం' అనుకోవడం. ఆ ఐదు నిమిషాల్లో రెండు ఓడలూ కలిపి దాదాపు మూడు మైళ్ళు మింగేస్తాయి. లేపినందుకు ఏ సీవో (కమాండింగ్ ఆఫీసరు) కూడా రిపోర్టు పాడుచెయ్యడు. లేపనందుకు పాడవుతుంది.

ఢీకొనే ప్రమాదం ఉందో లేదో కనిపెట్టే సూత్రం చాలా సులువు. ఎదుటి ఓడ దిక్కు కంపాస్ మీద మారకుండా దూరం తగ్గుతూ వస్తోందంటే అది మీ నెత్తికే వస్తోంది. దిక్కు మారుతూ ఉంటే ముందునుంచో వెనకనుంచో దాటిపోతుంది. మరీ దగ్గరున్నప్పుడు, చాలా పెద్ద ఓడైనప్పుడు, దిక్కు మారుతున్నా నమ్మకూడదు.

రాత్రి దీపాలు: ప్రతి ఓడకీ ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ. మీ కుడివైపున అడ్డంగా దాటే ఓడ ఎర్రదీపం చూపిస్తే దారి ఇవ్వాల్సింది మీరు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. ఎదుటివాడి ఉద్దేశం అర్థం కాకపోతే హారన్ మీద ఐదు పొట్టి కూతలు. మెడికల్‌లో రంగుల పుస్తకం మీద అంత పట్టుబట్టేది ఇందుకే. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయే కంటికి బ్రిడ్జి మీద చోటు లేదు.

లంగరు_77
శేషు గారు, మనిషి నీళ్ళలో పడ్డప్పటి తిప్పుడు కూడా చెప్పండి, నోటి పరీక్షలో అది అడక్కుండా వదలరు.

భీమిలి_శేషు
విలియమ్సన్ టర్న్. మనిషి కుడివైపు పడ్డాడనుకోండి. చుక్కాని పూర్తిగా కుడికి. అలా తిప్పితే ఓడ వెనకభాగం ఎడమకి విసురుతుంది, ప్రొపెల్లర్ మనిషికి దూరమవుతుంది. మొదటి మలుపు పడ్డవైపుకే ఎందుకంటే అందుకు. ఓడ మొదటి దిశ నుంచి 60 డిగ్రీలు తిరిగాక చుక్కాని పూర్తిగా ఎడమకి. మొదటి దిశకి సరిగ్గా వ్యతిరేక దిశ ఇంకో 20 డిగ్రీలుందనగా చుక్కాని మధ్యకి తెచ్చి నిలబెట్టాలి. అప్పుడు ఓడ తను వచ్చిన దారిలోనే వెనక్కి వెళ్తుంది. రాత్రిపూట, మనిషి కనబడనప్పుడు ఇదే పద్ధతి. మనిషి కళ్ళెదుటే ఉంటే ఇంతకంటే త్వరగా చేరే మలుపులున్నాయి, ఇది కాస్త ఆలస్యం.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కంగారులో 60 డిగ్రీలు దాటిపోయాక చుక్కాని మార్చడం. ఓడ తన పాత దారి మీద కాక పక్కన పడుతుంది. రాత్రి ఆ పక్కదారి చాలు మనిషిని పోగొట్టుకోడానికి.

ఫ్లీట్_పరిశీలకుడు
ఇక కమాండు మెట్లు. పుస్తకంలో చెప్పినట్టు కాకుండా ఒక నిజమైన కెరీర్ చూద్దాం. అడ్మిరల్ దినేశ్ త్రిపాఠి, 2024 ఏప్రిల్ 30న చీఫ్ అయ్యారు. అన్నీ బహిరంగంగా ఉన్న వివరాలే.

1985 జులై 1న కమిషన్, అంటే అధికారిగా చేరిక. కమ్యూనికేషన్, ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ స్పెషలిస్టు. ముందు ఓడల మీద సిగ్నల్ ఆఫీసరు. తర్వాత డిస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ ముంబయి మీద ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, అంటే సీవో తర్వాత రెండోవాడు. కమాండు చేసినవి మూడు: వినాశ్, కిర్చ్, త్రిశూల్. ఈ మూడు పేర్లు వరుసగా చూడండి. వినాశ్ చిన్న క్షిపణి పడవ. కిర్చ్ దానికంటే పెద్ద కార్వెట్. త్రిశూల్ పెద్ద ఫ్రిగేటు. చిన్నది, మధ్యది, పెద్దది. ఒక మెట్టు మీద ఓడని చెక్కుచెదరకుండా తిరిగి అప్పగిస్తేనే ఇంకో మెట్టు.

మధ్యలో వెస్టర్న్ ఫ్లీట్ ఆపరేషన్స్ ఆఫీసరు, ఢిల్లీలో నేవల్ ఆపరేషన్స్, ప్లాన్స్ విభాగాలు. రియర్ అడ్మిరల్‌గా మన విశాఖలోని ఈస్టర్న్ ఫ్లీట్ కమాండు. 2019లో వైస్ అడ్మిరల్, ఎళిమల అకాడమీ కమాండెంట్. తర్వాత డైరెక్టర్ జనరల్ నేవల్ ఆపరేషన్స్, చీఫ్ ఆఫ్ పర్సనల్, 2023 మార్చిలో ముంబయిలో వెస్టర్న్ కమాండ్ అధిపతి, 2024 జనవరిలో వైస్ చీఫ్, ఏప్రిల్‌లో చీఫ్.

ఇప్పుడు సీట్ల లెక్క చూడండి. ఫ్లీట్లు రెండే, ఈస్టర్న్, వెస్టర్న్. ఫ్లీట్ కమాండర్ రియర్ అడ్మిరల్, ఉండేది సుమారు ఏడాది. అంటే ఏటా ఇద్దరు ముగ్గురికే ఆ అవకాశం. కమాండ్లు మూడే, ముంబయి, విశాఖ, కొచ్చి. ఫ్లీట్ కమాండు చేయనివాడు ఎగ్జిక్యూటివ్ శాఖలో ఆ పైకుర్చీల దాకా వెళ్ళడం బాగా కష్టం.

గగనతలం
పైలట్లకి వేరే దారి అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. నేవీ పైలట్ కూడా ముందు నావికుడే. అడ్మిరల్ కరంబీర్ సింగ్ హెలికాప్టర్ పైలట్, చేతక్, కమోవ్ నడిపారు. ఆ వర్గం నుంచి చీఫ్ అయిన మొదటివారు. అయినా ఓడల కమాండు జాబితా చూడండి: కోస్ట్‌గార్డు నౌక చాంద్‌బీబీ, కార్వెట్ విజయదుర్గ్, డిస్ట్రాయర్లు రాణా, ఢిల్లీ. ఎగరడం మీద మోజుతో ఓడ కమాండు వాయిదా వేసుకున్నవాడు కమాండర్ దగ్గర సంతోషంగా ఎగురుతూ ఉండిపోతాడు. అది తప్పని నేననను. కొందరికి అదే కావాలి.

సబ్‌మెరైన్ దారికి వేరే తరిఫీదు. దాని బడి మన విశాఖలోనే, ఐఎన్‌ఎస్ శాతవాహన. బయటి ఊరివాళ్ళకి తెలియదు గానీ, ఇక్కడి నేవీ స్థావరాల పేర్లలో కొన్ని మన చరిత్రే: శాతవాహన, సర్కార్స్, కళింగ, ఏకశిల.

బాయిలర్_సూట్
అందరూ ఎగ్జిక్యూటివ్ గురించే రాస్తున్నారు. బీటెక్ ఎంట్రీలో ఇంజినీరింగ్, ఎలక్ట్రికల్ శాఖలు కూడా ఉన్నాయి. ఇంజినీర్లకి లోనావలాలో ఐఎన్‌ఎస్ శివాజీ, ఎలక్ట్రికల్‌కి జామ్‌నగర్‌లో ఐఎన్‌ఎస్ వల్సూరా. వీళ్ళ చివరి మెట్టు వైస్ అడ్మిరల్. దిల్లీలో చీఫ్ ఆఫ్ మెటీరియల్ పదవి సాంకేతిక శాఖలదే. డాక్‌యార్డు పెద్దని అడ్మిరల్ సూపరింటెండెంట్ అంటారు, రియర్ అడ్మిరల్. విశాఖ డాక్‌యార్డుకీ ఉన్నారు.

ఓడ కమాండు, ఫ్లీట్ కమాండు, చీఫ్ పదవి మాత్రం ఎగ్జిక్యూటివ్‌కే. శాఖ కోరుకునేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. కుర్రాడు ఏదో ఒకటి కోరుకుని వచ్చేస్తాడు. దాని సంగతి 30 ఏళ్ళ తర్వాత తెలుస్తుంది.

అలాగని సాంకేతిక శాఖ తక్కువేం కాదు. గ్యాస్ టర్బైన్ ఆగిపోతే బ్రిడ్జి మీద ఎంత గొప్పవాడున్నా ఓడ తేలే డబ్బానే. ముందుకి వేగం లేని ఓడకి చుక్కాని పనిచెయ్యదు, దాని మీదుగా నీళ్ళు పారితేనే కదా తిరిగేది.

సైనిక్‌పురి_రవి
కోర్సుల సంగతి ఎవరూ రాయలే. మూడు మెట్లున్నయ్.

లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్ స్థాయిల వెల్లింగ్టన్. నీలగిరుల్ల కూనూరు పక్కన డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజ్. అందరికీ రాదు, ఎంపికైతేనే. పూర్తిచేస్తే మద్రాస్ యూనివర్సిటీ ఎమ్మెస్సీ.

కెప్టెన్ దరిదాపుల హయ్యర్ కమాండ్. నేవీ వాళ్ళకు గోవాల నేవల్ వార్ కాలేజ్. లేదంటే మా సికింద్రాబాద్ల కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్, 44 వారాలు, ఉస్మానియా యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఇస్తది. సముద్రం లేని ఊర్ల తెల్ల యూనిఫాం కనపడ్తే జనం వింతగ చూస్తరు. ఇదే కారణం.

కమడోర్ స్థాయిల ఢిల్లీ నేషనల్ డిఫెన్స్ కాలేజ్, 47 వారాలు. కోర్సు చేస్తే ప్రమోషన్ గ్యారంటీ లేదు. కోర్సుకు పేరు రాకపోతే మాత్రం పైనోళ్ళు నిన్ను ఎట్ల చూస్తున్నరో తెలిసిపోతది.

లంగరు_77
జీతం గురించి ప్రైవేటు మెసేజుల్లో అడుగుతున్నారు, ఒక్కసారి ఇక్కడే. ఏడో వేతన సంఘం మొదటి మెట్టు బేసిక్: సబ్ లెఫ్టినెంట్ 56,100, లెఫ్టినెంట్ 61,300, లెఫ్టినెంట్ కమాండర్ 69,400, కమాండర్ 1,21,200, కెప్టెన్ 1,30,600, కమడోర్ 1,39,600, రియర్ అడ్మిరల్ 1,44,200, వైస్ అడ్మిరల్ 1,82,200. కమాండ్ అధిపతులకి, వైస్ చీఫ్‌కి 2,25,000 స్థిరం. చీఫ్‌కి 2,50,000. కమడోర్ దాకా నెలకి 15,500 మిలిటరీ సర్వీస్ పే అదనం, రియర్ అడ్మిరల్ నుంచి అది ఉండదు. డీఏ వగైరా వేరే.

పెద్ద గెంతు ఎక్కడుందో చూశారా? లెఫ్టినెంట్ కమాండర్ నుంచి కమాండర్‌కి. అంటే టైము మీద వచ్చే మెట్టు దగ్గరే. జల్లెడ దాటిన తర్వాత డబ్బులో తేడా పెద్దగా లేదు. కాబట్టి పైకి వెళ్ళాలనే తపన జీతం కోసమైతే, అంత కష్టపడక్కర్లేదు.

ఓడరేవు_గుమాస్తా
ఆగిపోయేది ఎందుకన్నది కూడా అడిగాడు కదా కుర్రాడు.

ఆరోగ్యం మొదటిది. నేవీలో పూర్తి ఫిట్‌ని ఎస్1ఏ1 అంటారు. బీపీ, షుగర్, నడుము, చెవి, ఏదొచ్చి గ్రేడు తగ్గినా సముద్రం డ్యూటీకి అడ్డుపడొచ్చు. సముద్రం లేకపోతే రిపోర్టు లేదు, రిపోర్టు లేకపోతే బోర్డులో పేరు లేదు. అది కూడా సరిగ్గా 38, 40 ఏళ్ళ మధ్య, కమాండు చెయ్యాల్సిన కాలంలోనే వస్తుంది. గ్రేడు తిరిగి పెంచుకోవచ్చు, కానీ ఆ ఏడాది పోయిన ఓడ మళ్ళీ రాదు.

రెండోది ప్రమాదం. ఓడ నేల తగిలినా, జెట్టీని గుద్దినా బోర్డ్ ఆఫ్ ఇంక్వైరీ కూర్చుంటుంది. చార్టు మీద గీసిన గీతలు, డెక్ లాగ్, ఇంజిను ఆర్డర్ల రికార్డు, అన్నీ సీలు చేస్తారు. సీవో ఆ క్షణంలో నిద్రపోతున్నా బాధ్యత ఆయనదే. నావిగేటరు, వాచ్ మీదున్నవాడు తర్వాత. అందరికీ కోర్టు మార్షల్ అవ్వదు. చాలాసార్లు 'సివియర్ డిస్‌ప్లెజర్' అని ఒక ఉత్తరం వస్తుంది. చూడ్డానికి ఒక కాగితం. అది ఫైల్లో ఉన్నంతకాలం బోర్డు ముందు పేరు లేచే వీలు తక్కువ.

బాధ్యత పైదాకా ఎలా వెళ్తుందో చూడాలంటే 2014 ఫిబ్రవరి 26. జలాంతర్గామి సింధురత్నలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు చనిపోయారు. అదే రోజు చీఫ్ అడ్మిరల్ డీకే జోషీ నైతిక బాధ్యత తీసుకుని రాజీనామా చేశారు.

మూడోది ఈ కాలపుది, ఫోను. 2019 డిసెంబరులో గూఢచర్యం కేసు బయటపడ్డాక నౌకల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించారు. ఓడ మీద సెల్ఫీ అంటే ఇప్పుడు సరదా కాదు, చార్జిషీటు.

ఫ్లీట్_పరిశీలకుడు
నాలుగోది నేను చెప్తాను, ఎవరి చేతిలోనూ లేనిది. పుట్టినరోజు.

రియర్ అడ్మిరల్ రిటైర్‌మెంట్ 58కి, వైస్ అడ్మిరల్‌ది 60కి, ఆ వయసు నిండిన నెల చివరి రోజున. చీఫ్‌కి 62 ఏళ్ళు లేదా మూడేళ్ళ పదవి, ఏది ముందైతే అది. ఇప్పుడు లెక్క చూడండి. అడ్మిరల్ హరికుమార్ పుట్టింది 1962 ఏప్రిల్ 12. 62 నిండి 2024 ఏప్రిల్ 30న దిగిపోయారు. త్రిపాఠి పుట్టింది 1964 మే 15. వైస్ అడ్మిరల్‌గానే ఉండుంటే 60 నిండి 2024 మే 31న ఇంటికి. ఆయన చీఫ్ అయింది ఏప్రిల్ 30న. ఒక్క నెల తేడా. మార్చిలో పుట్టుంటే మార్చి 31న రిటైరయ్యేవారు.

39 ఏళ్ళ సర్వీసు, మూడు ఓడలు, ఒక ఫ్లీట్, ఒక కమాండ్. అన్నీ సరిగ్గా కుదిరాక కూడా చివరి తలుపు క్యాలెండరు తెరిచింది. కరంబీర్ సింగ్ (1980 కమిషన్, 2019లో చీఫ్), హరికుమార్ (1983, 2021), త్రిపాఠి (1985, 2024), ముగ్గురికీ పట్టింది దాదాపు 39 ఏళ్ళే.

సీనియారిటీ ఒక్కటే చాలదన్నదానికి కూడా ఉదాహరణలున్నాయి. 2014లో, 2019లో ప్రభుత్వం అందరికంటే సీనియర్‌ని పక్కనపెట్టి కిందివారిని ఎంచుకుంది. 2019లో వైస్ అడ్మిరల్ బిమల్ వర్మ సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి కూడా వెళ్ళారు.

కొత్తవలస_కుర్రాడు
అయ్యబాబోయ్. మన దగ్గర బడిలో వేసేటప్పుడు మాస్టారు జూన్ అని ఏదో ఒక తేదీ రాసేస్తారు కదా! వాళ్ళ సంగతేంటి?

లంగరు_77
హహ. పదో తరగతి మెమోలో ఏది ఉంటే అదే. చేరాక మార్పించుకోవాలని తిరిగినవాళ్ళు ఎవరూ బాగుపడలేదు. జాతకంలో ఏ తేదీ ఉందో నేవీకి అక్కర్లేదు. ఏదైనా దిద్దుబాటు ఉంటే ఫారం నింపకముందే, బోర్డు దగ్గరే.

పాత_కాగితాలు
39 ఏళ్ళ మాట వచ్చింది కాబట్టి దానికి పూర్తిగా తిరగబడ్డ కెరీర్ ఒకటి చెప్తాను, మన తెలుగువారిదే. రామ్‌దాస్ కటారి. 1911లో చెంగల్పట్టులో పుట్టారు. 1927లో శిక్షణ నౌక డఫరిన్ మొదటి బ్యాచ్. అది వర్తక నౌకల తరిఫీదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక రిజర్వు అధికారిగా నేవీలోకి వచ్చి, సబ్‌మెరైన్ల వేట నేర్చుకున్నారు. 1956లో భారత ఫ్లీట్‌కి కమాండరైన మొదటి భారతీయుడు. 1958 ఏప్రిల్ 22న నేవీ అధిపతి, అక్కడా మొదటి భారతీయుడే. నేవీలో చేరిన ఇరవై ఏళ్ళ లోపే!

అంత వేగం ఆయన ఒక్కడి గొప్పతనం వల్లే కాదు. 1947 తర్వాత పైకుర్చీల్లో బ్రిటిష్ వాళ్ళే ఉన్నారు, మనవాళ్ళలో సీనియర్లు తక్కువ. అందుకే సైన్యానికి భారతీయ అధిపతి వచ్చిన తొమ్మిదేళ్ళ దాకా నేవీకి రాలేదు. బ్రిటిష్ వాళ్ళు వెళ్తూంటే ఖాళీలు గబగబా వచ్చాయి. ఇప్పుడు పిరమిడ్ నిండుగా ఉంది.

ఇంకో తేడా. కటారి పదవిలో ఉన్నది వైస్ అడ్మిరల్‌గానే. చీఫ్‌కి పూర్తి అడ్మిరల్ హోదా వచ్చింది 1968 మార్చి 1న, అదే రోజు విశాఖలో ఈస్టర్న్ నేవల్ కమాండ్ కూడా మొదలైంది. విమానవాహక నౌక మొదటి విక్రాంత్ 1961లో వచ్చింది, ఆ డిసెంబరులోనే గోవా విముక్తి, రెండూ కటారి హయాంలోనే. 1962లో రిటైరై, తర్వాత బర్మాలో మన రాయబారిగా పనిచేశారు. 1983లో సికింద్రాబాద్‌లో చనిపోయారు. విశాఖలో ఎంతమందికి ఈ పేరు తెలుసో మీరే అడిగి చూడండి.

విజయనగరం_లత
ఆడపిల్లల మాట ఎవరూ ఎత్తలేదు. 10+2 బీటెక్ ఎంట్రీ ఇప్పుడు వాళ్ళకీ ఉంది. శాశ్వత కమిషన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2020 మార్చి 17న వచ్చింది. అంతకుముందు చాలామందికి షార్ట్ సర్వీసే, 14 ఏళ్ళతో సరి. పెన్షన్‌కి అధికారులకి 20 ఏళ్ళు కావాలి, అంచేత అదీ లేదు.

పైన మీరంతా చెప్పిన సూత్రమే వీళ్ళకీ వర్తిస్తుంది: ఓడ కమాండు లేకుండా పైకి దారి లేదు. ఆ మొదటి మెట్టు 2023 డిసెంబరులో పడింది, లెఫ్టినెంట్ కమాండర్ ప్రేరణా దేవ్‌స్థలీ, ఐఎన్‌ఎస్ త్రింకట్. చిన్న ఓడే. కానీ త్రిపాఠి మొదలుపెట్టిందీ చిన్న ఓడతోనే కదా. లెక్కేస్తే సముద్రం దారిలో వచ్చే మహిళా ఫ్లీట్ కమాండర్‌కి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. కోర్టు తీర్పు కుర్చీ దగ్గరికి దారి తెరుస్తుంది, సముద్రం మీద గడపాల్సిన ఏళ్ళని తగ్గించలేదు.

2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళు. విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి.

కొత్తవలస_కుర్రాడు
చాలా థాంక్స్ అందరికీ. చివరిగా ఒకటే. శాఖ అడిగినప్పుడు ఏది కోరుకోవాలి?

బాయిలర్_సూట్
ముందు అర్హత చూసుకో తమ్ముడూ: ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 70 శాతం, పదిలోగాని ఇంటర్‌లోగాని ఇంగ్లిష్ 50 శాతం, వయసు పదిహేడు నుంచి పంతొమ్మిదిన్నర మధ్య, జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఎస్‌ఎస్‌బీ పిలుపు.

శాఖకి నా మాట: ఓడ నడపాలని ఉంటే ఎగ్జిక్యూటివ్. యంత్రం విప్పి మళ్ళీ బిగించడంలో సంతోషం ఉంటే టెక్నికల్. నక్షత్రాలు లెక్కేసుకుని మాత్రం పెట్టకు.

భీమిలి_శేషు
ఫారానికి ముందు ఒక పని చెయ్యి. కంటి డాక్టరు దగ్గర రంగుల పుస్తకం చూపించుకో. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులూ గెలిచి, మెడికల్‌లో ఆ పుస్తకం దగ్గర ఆగిపోయేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.